సాన్ హెర్మాన్ వెళ్ళొస్తాం

ప్యూర్టో రికో దీవిలో సాన్ హెర్మాన్ అని నాలుగు వందల ఏళ్ళు దాటిన పాత ఊరొకటి ఉంది. రాజధాని సాన్ హువాన్ నుంచి అక్కడికి చేరడానికి మూడు దారులు. ఆ ఊరికి దగ్గరి పట్నం దాకా చిన్న విమానం ఎక్కొచ్చు. కారు అద్దెకి తీసుకుని కొండలు దాటి డ్రైవ్ చేసుకోవచ్చు. లేదా పూబ్లికో అని పిలిచే షేర్ కారులో పడి, అది ఎప్పుడు కదిలితే అప్పుడు కదలొచ్చు. డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో మా చర్చివాళ్ళు మొదటి రెండు దారుల గురించీ మాకు వారం రోజులు బోధించారు. అట్లాసు ముందేసుకుని వేలు పెట్టి చూపించిన పెద్దమనుషులు కూడా ఉన్నారు. వాళ్ళలో ఒక్కరూ ఆ దీవిలో కాలు పెట్టలేదని తర్వాత తెలిసింది. మేము మూడో దారిన వెళ్ళాం. మొదటి రెండూ మమ్మల్ని రానివ్వలేదు.

పెట్టెలో పెట్టని సంచి

మేమంటే నేను, మా ఆయన రత్నరాజు, అయిదేళ్ళ మా షారన్. మాతోపాటు ఒక తెల్ల గుడ్డసంచి. నిజానికి ఆ ప్రయాణం సంచిదే, మేము దాన్ని మోసుకెళ్ళినవాళ్ళం.

నాది నరసాపురం. అక్కడ ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటూనే ఒక్క కొక్కెం సూదితో లేసు అల్లుతారు. మా అమ్మమ్మ చేతివంక చూడకుండా అల్లేది. అలాంటి లేసుల ఊరి పిల్లకి, డెబ్భై తొమ్మిదిలో డాలస్‌లో పెళ్ళవుతుంటే, తలమీద వేసుకోవడానికి వెయిల్ లేదు. అమ్మ పంపిన పార్సిలు ఏ సముద్రంలో కలిసిందో నేటికీ తెలియదు. తెల్ల చీర ఉంది కదా, చెంగు కప్పుకుంటే సరిపోతుందన్నారు మా ఆయన. పెళ్ళికూతురు ఏడుస్తున్నప్పుడు మగవాళ్ళకి అన్నీ సరిపోతాయి.

అప్పుడు హాస్పిటల్ ల్యాబ్‌లో నా పక్క బల్ల మీద పనిచేసే లూస్, తన పెట్టె అడుగునుంచి ఒక వెయిల్ తీసి నా తలమీద కప్పింది. లూస్ నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. సాన్ హెర్మాన్ ఆవిడ పుట్టిన ఊరు. ఆ వెయిల్ అంచులేసు వాళ్ళ అమ్మమ్మ అల్లింది. దిండు మీద గుండుసూదులు గుచ్చి, డజన్ల కొద్దీ చిన్న చెక్క కండెలు అటూ ఇటూ తిప్పుతూ అల్లుతారట. దాన్నే వేసుకుని లూస్ తల్లి పెళ్ళి చేసుకుంది, తర్వాత లూస్ చేసుకుంది. ఆ మూడో తల నాదయింది.

"మా అమ్మాయి మారిత్సా పెళ్ళిదాకా నీ దగ్గరుండనీ. ఆ రోజు నువ్వే తెచ్చి దాని తలమీద వెయ్యాలి," అంది లూస్. నాలుగేళ్ళ క్రితం ఆవిడ ఉద్యోగం మానేసి సొంత ఊరికి వెళ్ళిపోయింది. ఈ జూన్‌లో మారిత్సా పెళ్ళని ఫోన్ చేసింది.

పోస్టంటే నాకున్న భయం ఇప్పటికే చెప్పాను. అందుకని వెయిల్ పెట్టిన సంచిని చేత్తోనే పట్టుకెళ్ళాను. విమానంలో పైన పెట్టమన్నా పెట్టలేదు. ఒళ్ళో పసిబిడ్డ ఉన్నట్టే కూర్చున్నాను.

సాన్ హువాన్: రెండు దారులు మూసుకున్నాయి

శుక్రవారం చేరాల్సినవాళ్ళం. మయామీలో గాలివాన వచ్చి, అందుకోవాల్సిన విమానం మమ్మల్ని వదిలేసి పోయింది. సాన్ హువాన్‌లో దిగేసరికి శనివారం పొద్దున్నయింది. పెళ్ళి అదే రోజు సాయంత్రం అయిదింటికి.

ఎయిర్‌పోర్టునుంచి లూస్‌కి ఫోన్ చేశాను. ఆవిడ కోప్పడితే బాగుండేది. "ఎలా వచ్చినా ఫరవాలేదు, అయిదింటికల్లా రా. మా అమ్మ పొద్దుటినుంచీ వెయిల్ వచ్చిందా అని అడుగుతోంది," అంది నెమ్మదిగా.

చిన్న విమానంలో సీట్లు లేవు. కారు అద్దెకిచ్చే చోట చాంతాడంత క్యూ. మావారు చివరిదాకా నిలబడి ఉత్త చేతులతో తిరిగొచ్చారు. టెక్సాస్ హైవేల మీద తిరిగిన మనిషికి కారు దొరక్కపోవడమంటే కాళ్ళు విరిగినట్టే.

"శనాదివారాలకి ఎప్పుడో బుక్ చేసేశారంట. సాయంత్రం రమ్మంటున్నాడు," అన్నారు.

"సాయంత్రం వస్తే పెళ్ళి భోజనం కూడా మిగలదండీ," అన్నాను.

కౌంటరులో ఉన్న అమ్మాయికి మా మొహాలు చూసి జాలేసింది. "రియో పియెద్రాస్ వెళ్ళండి. పూబ్లికోలు అక్కడ దొరుకుతాయి," అని, వెళ్ళాల్సిన బస్సు కూడా చూపించింది. బస్సుని వాళ్ళు గ్వాగ్వా అంటారు. షారన్‌కి ఆ మాట ఎంత నచ్చిందంటే, దిగేదాకా దాన్నే జపించింది.

రియో పియెద్రాస్: పాలకొల్లు టాక్సీ

స్టాండు చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పాతబడ్డ పెద్ద పెద్ద కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. అద్దాల మీద ఊళ్ళ పేర్లు. టైమ్‌టేబులంటూ లేదు. సీట్లు నిండితే బండి కదులుతుంది. డ్రైవర్లు బయట నిలబడి "పోన్సే, పోన్సే" అని కేకలేస్తున్నారు. మా నరసాపురంలో "పాలకొల్లు, పాలకొల్లు" అని అరిచే టాక్సీవాళ్ళ గొంతు, ఆ విసుగు, ఆ ఆశ, అన్నీ అవే. ఇర్వింగ్‌లో ప్రతి మనిషికీ ఒక కారు. పక్కవాడి మోచెయ్యి తగిలేలా కూర్చుని ప్రయాణం చేసి నాకు ఏళ్ళయింది.

సాన్ హెర్మాన్ వెళ్ళే కార్లు తెల్లవారగానే వెళ్ళిపోయాయట. ముందు దక్షిణాన ఉన్న పోన్సే పట్నం చేరి, అక్కడ బండి మారాలి. పోన్సే కారుకి మేము ముగ్గురం తగ్గాం కాబోలు, మమ్మల్ని చూసి ఆ డ్రైవరు చేతులు జోడించినంత పని చేశాడు.

ఆయన పేరు డాన్ చాగో. డాన్ అంటే మన గారు, కాకపోతే పేరుకి ముందు వస్తుంది. బూడిదరంగు మీసం, ఇస్త్రీ చొక్కా, చేతికి పెద్ద గడియారం. కొన్నాళ్ళు న్యూజెర్సీలో పనిచేశాడు కాబట్టి ఇంగ్లీషు వచ్చు. మనిషికి ఆరు డాలర్లన్నాడు. బేరమాడాలని నా నాలుక దురద పెట్టింది కానీ, పెళ్ళి గుర్తొచ్చి ఊరుకున్నాను.

నా పక్కన ఒక లావుపాటి ఆవిడ మనవడి పుట్టినరోజు కేకు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కేకూ నా సంచీ షారనూ ఒక సీటులో ఇమడలేదు. "అమ్మా, సంచి నాకివ్వండి," అన్నాడు డాన్ చాగో. నేను ఇవ్వనన్నాను. అందులో ఏముందో చెప్పాను. ఆయన రుమాలుతో చేతులు తుడుచుకుని, రెండు చేతులా అందుకుని, డిక్కీలో అన్ని సామాన్ల పైన పడుకోబెట్టాడు. అంత మర్యాద చూశాక కాదనలేకపోయాను.

దారిలో: కందులు

కొత్త హైవే కొండలెక్కి, అటువైపు దిగి, ఎండిన దక్షిణపు తీరానికి చేరుతుంది. దారంతా తురాయి చెట్లు ఎర్రగా విరగబూశాయి. కొండ దిగాక బండి ఒక పాక హోటలు దగ్గర ఆగింది. డాన్ చాగోకి కాఫీ లేనిదే ఆ దిగువ రోడ్డు కనిపించదట.

మేము తిని రెండు పూటలైంది. కేకావిడ మా ముగ్గురికీ అన్నం చెప్పింది. పళ్ళెంలో పసుపురంగు అన్నం, దాని నిండా ఏవో గింజలు. నోట్లో పెట్టుకోగానే తెలిసింది.

"ఏవండీ, ఇవి కందులు!"

"ఊరుకో సుగుణా. ఇక్కడ కందులేంటి?" అన్నారు మావారు.

కేకావిడని వీటిని ఏమంటారని అడిగాను. "గందూలెస్," అంది.

నేను స్పూను కింద పెట్టేశాను. "కందులు," అన్నాను. ఆవిడ "గందూలెస్" అంది. "కందులు" అన్నాను మళ్ళీ. ఆవిడ నవ్వాపుకోలేక పక్కవాళ్ళని పిలిచింది. కారులో వచ్చినవాళ్ళందరూ వరసగా కందులు, కందులు అని అనడం మొదలుపెట్టారు. డాన్ చాగో ఉచ్చారణ మా షారన్ కంటే బాగుంది. ఆ మాట ఎటునుంచి ఎటు వెళ్ళిందో పండితులు తేల్చుకోవాలి. ఆ పాకలో మాత్రం అది మా ఇంటి మాటే అని నేను తీర్మానించేశాను.

"అమ్మా, ఇది మన పప్పు బీన్సా? మరి పప్పు ఎందుకు చెయ్యలే వీళ్ళు?" అంది షారన్.

పోన్సే: రెండు మాటలు

పోన్సేలో చౌకు పక్కన దింపారు. చౌకు మధ్యలో ఎరుపూ నలుపూ చారలతో ఒక పాత ఫైర్ స్టేషన్ ఉంది. షారన్ దాన్ని చూసి ఒకవైపు లాగింది, అంతలోనే బాత్రూమ్ అని ఇంకోవైపు లాగింది. మావారు సూట్‌కేసులు దింపారు. కేకావిడ కేకు పట్టుకునే నా బుగ్గ మీద ముద్దుపెట్టింది. ఆ హడావుడిలో డాన్ చాగోకి సెలవు చెప్పాను, ఎవరికైనా చెప్పినట్టే.

"వెళ్ళొస్తామండీ," అన్నాను.

మనం వెళ్తాం అనం కదా. మేము ప్రార్థనలే తప్ప శకునాలు చూడని కుటుంబమే అయినా, గడప దగ్గర ఉత్తినే "వెళ్తా" అంటే మా అమ్మ వెనక్కి పిలిచి మళ్ళీ అనిపించేది. మావారికి తన షాపులో పనిచేసే మెక్సికో వాళ్ళ దగ్గర నేర్చుకున్న స్పానిష్ చూపించుకునే అవకాశం దొరికింది. నా మాటని ముక్కకి ముక్క తర్జుమా చేసి, "వామోస్ ఇ వెనీమోస్," అన్నారు గంభీరంగా. డాన్ చాగో మమ్మల్ని ఒకసారి తేరిపారా చూశాడు, గడియారం చూసుకున్నాడు, సరేనని తలూపాడు.

సాన్ హెర్మాన్ మీదుగా వెళ్ళే కార్లు నాలుగు వీధుల అవతల ఉన్నాయి. అక్కడి డ్రైవరు కారు బానెట్ మీద కూర్చుని నారింజ వొలుచుకుంటున్నాడు. ఎప్పుడు బయలుదేరతావంటే "అవరీతా," అన్నాడు.

"అవరీతా అంటే ఇప్పుడే, ఈ నిమిషమే. మా షాపులో రోజూ అంటారు. ఎక్కండెక్కండి," అన్నారు మావారు.

ఎక్కి కూర్చున్నాం. నారింజ అయిపోయింది. ఇంకో నారింజ మొదలైంది. ఎండకి సీటు కాలుతోంది. మావారు దిగి అడిగినప్పుడల్లా అదే అవరీతా, అదే చిరునవ్వు. చివరికి పక్క కొట్టులోంచి ఒకాయన వచ్చి, ఈ దీవిలో అవరీతా అంటే 'కాసేపాగి, ఎప్పుడో' అని అర్థమని చెప్పాడు. మెక్సికోలో ఇప్పుడే అయిన మాట ఇక్కడికొచ్చేసరికి తర్వాత అయిపోయిందన్నమాట. నాకు ఒళ్ళు మండింది.

"మీ షాపు స్పానిష్ మనల్ని ముంచింది. టైమ్ మూడు దాటింది. ఆ వెయిల్ అక్కడికి చేరేదెప్పుడు?" అంటూ సంచికోసం చెయ్యి చాపాను.

సంచి లేదు.

సూట్‌కేసుల కింద లేదు. షారన్ దగ్గర లేదు. డాన్ చాగో డిక్కీలో, అన్ని సామాన్ల పైన ఉంది. ఆయన ఈపాటికి మనుషుల్ని నింపుకుని కొండలెక్కేసి ఉంటాడు. లూస్ వాళ్ళ అమ్మమ్మ చేతి లేసు. ఒక పెళ్ళిని ఆదుకున్న సంచిని, ఇంకో పెళ్ళినాడు ఎవరి కారులోనో వదిలేసి వచ్చాను. మావారు షారన్‌ని భుజానికెత్తుకుని పరుగెత్తారు. సూట్‌కేసుల్ని ఆ నారింజ మనిషికి వదిలేసి నేను చెప్పులు చేత్తో పట్టుకుని వెనకాల పరుగెత్తాను.

చౌకు దగ్గర, దింపిన చోటే, చెట్టునీడలో డాన్ చాగో కారు ఉంది. ఆయన బయట నిలబడి ఇద్దరు ముగ్గురు ప్రయాణికులకి చేతులూపి, లేదు, లేదు, ఈ బండి ఖాళీ లేదని చెబుతున్నాడు.

మమ్మల్ని చూసి గడియారం మీద వేలితో కొట్టాడు. "వెళ్ళొస్తామన్నారు కదా. ఇంత ఆలస్యమా? రెండు ట్రిప్పుల జనాన్ని పంపించేశాను," అన్నాడు.

నేను రోడ్డు మీదే కూర్చుని ఏడ్చేశాను. ఆయన కంగారుగా డిక్కీ తీసి సంచి నా ఒళ్ళో పెట్టాడు. సంచి ఉన్నట్టు ఆయనకసలు గుర్తేలేదు. ఆయన ఆగింది మా మాటకి. మావారు సరైన స్పానిష్‌లో అదియోస్ అని సెలవు చెప్పి ఉంటే, మర్యాదగా వెళ్ళిపోయి ఉండేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ రోజు నాకు ఆ నోరు మా అమ్మ నేర్పినదే.

మా భాషలో అది సెలవు మాత్రమేనని, తిరిగి రావాలన్న నియమం లేదని మావారు నిజం ఒప్పేసుకున్నారు.

"అంటే మీ దేశంలో అందరూ వస్తామని చెప్పి రారా?" అన్నాడు డాన్ చాగో.

అవునని చెప్పడానికి మా ఇద్దరికీ సిగ్గేసింది.

సాన్ హెర్మాన్: ఎవరి చెయ్యి

సాన్ హెర్మాన్ ఆయన రూటు కాదు. "నేను సొంత పని మీద వెళ్తున్నాను. స్నేహితుల్ని ఎక్కించుకుంటే ఎవరేమంటారు?" అని, మా సూట్‌కేసులు తెచ్చి ఎక్కించాడు. దారిలో ఎక్కడా ఆగలేదు. కాఫీకి కూడా ఆగలేదు. అదెంత త్యాగమో పొద్దున్న ఆయన్ని చూసినవాళ్ళకి తెలుస్తుంది.

ఊరు కొండల మీద ఉంది. సన్నటి వీధులు, చెక్క వరండాలు, పైకెక్కితే చౌకు, చౌకులో తెల్లటి చర్చి. తన ఇంటి గుమ్మంలో నిలబడ్డ లూస్ నన్ను చూడగానే సంచిని చూసింది, సంచిని చూశాక నన్ను కావలించుకుంది. పెళ్ళికూతురు మారిత్సా తల దువ్వించుకుని ఎదురుచూస్తోంది. లూస్ తల్లి ప్రోవి గారు, వాళ్ళ మాటలో డోన్యా ప్రోవి, కుర్చీలో ఉన్నారు. ఎనభై దాటినావిడ. చూపు తగ్గిపోయింది. వెయిల్ ఒళ్ళో వేయించుకుని అంచు పొడుగునా వేళ్ళతో తడుముతూ వెళ్ళారు.

ఒక మూల దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. నా పెళ్ళినాడు కారు తలుపులో పడి అక్కడ చిరిగితే, లూస్‌కి చెప్పి, నాకొచ్చిన నరసాపురం కొక్కెం అల్లికతో నేను పూడ్చాను. కళ్ళకి కనిపించనంత చిన్న ముక్క.

"ఇది మా ఇంటి చెయ్యి కాదు," అన్నారు పెద్దావిడ.

"కాదమ్మా. మా అమ్మమ్మ చెయ్యి," అన్నాను. నా పేరు చెప్పుకోవాలని అప్పుడు తోచలేదు.

ఆవిడ ఆ మూలని రెండు వేళ్ళ మధ్య పెట్టుకుని మరికాసేపు తడిమారు. "బాగుంది. ఇటువైపు ముఖం మీదికి రానివ్వు," అన్నారు మారిత్సాతో.

వెయిల్‌ని మారిత్సా తలమీద నేనే వేశాను. అయిదు గంటలకి గంటలు మోగాయి. ఆ కాథలిక్ చర్చిలో ప్రార్థనలు మావాటిలా ఉండవు. మోకాళ్ళూనాల్సిన చోట మేము నిలబడ్డాం, నిలబడాల్సిన చోట కూర్చున్నాం. నా పక్కన డాన్ చాగో సైగ చేస్తూ మమ్మల్ని నడిపించాడు. దేవుడికి కృతజ్ఞత చెప్పడానికి మాత్రం నాకు ఏ సైగా అక్కర్లేకపోయింది.

విందులో ఆకుల్లో చుట్టి ఉడికించిన పాస్తెలెస్ పెట్టారు. పనసాకుల్లో ఉడికించే మా పొట్టిక్కలకి చుట్టాలు, లోపల మాత్రం మాంసం. డాన్ చాగో రెండుసార్లు వడ్డించుకుని, అందరికీ మా కథ నాలుగుసార్లు చెప్పాడు. చీకటి పడబోతుంటే కారెక్కుతూ మావైపు తిరిగి, "వోయ్ ఇ వెంగో," అన్నాడు. వెళ్ళొస్తాను అని. మేము విరగబడి నవ్వాం.

సోమవారం

సోమవారం పొద్దున్న లూస్ ఇంట్లో మళ్ళీ మూడు దారుల పంచాయతీ మొదలైంది. చిన్న విమానం మేలని ఒకరు, అద్దె కారని ఒకరు. కాఫీలు చల్లారుతున్నాయి. ఇంతలో బయట హారన్ మోగింది.

డాన్ చాగో. అదే ఇస్త్రీ చొక్కా.

"వెళ్ళొస్తానన్నాను కదా," అన్నాడు, మేమెందుకు ఆశ్చర్యపోతున్నామో అర్థం కానట్టు.

సామాను ఎక్కించాం. సంచి లేక నా చేతులకి ఏం చేయాలో తోచలేదు. వెయిల్ ఉతికి లూస్ గదిలో ఆరేసి ఉంది. "అది ఇక్కడే ఉంటుంది. షారన్ పెళ్ళికి కావాలంటే నువ్వే వచ్చి తీసుకెళ్ళు. పోస్టులో పంపను," అంది లూస్.

సెలవు చెప్పడానికి నోరు తెరిచి ఆగిపోయాను. పుట్టినప్పటినుంచీ అంటున్న మాట. ల్యాబ్‌లో డ్యూటీ అయిపోయిన ప్రతి రోజూ లూస్‌తో అన్న మాటే. కానీ ఇది మాటకి ఆగిపోయే మనుషుల ఊరు. ఇక్కడ ఊరికే అనకూడదు.

"అనవేం?" అంది లూస్. ఆవిడ కళ్ళు నిండాయి, నావీ నిండాయి.

"వెళ్ళొస్తాం లూస్," అన్నాను. వస్తాననే అన్నాను.

డాన్ చాగో ఆ మాట గుర్తుపట్టాడు. గడియారం చూసుకుని, "ఎన్నింటికి?" అని అడిగాడు.

నేను షారన్ వంక చూశాను. అది వెనకసీటులో కాళ్ళూపుతూ కందులు, గందూలెస్ అని పాడుకుంటోంది. "ఇంకో ఇరవై ఏళ్ళు పడుతుందేమో," అన్నాను.

"అవరీతా అన్నమాట," అని ఆయన బండి స్టార్ట్ చేశాడు.